మ్యాచ్ మనది, తప్పు జనానిది

ఒంగోలులో అంతర్జాతీయ ఫుట్‌బాల్ మ్యాచా అని నవ్వకండి. 2024 సెప్టెంబరులో సిరియా, మారిషస్ జట్లు గచ్చిబౌలికి వచ్చి ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఆడిపోయాయి. మనవాళ్లు ఒక్క గోలూ కొట్టలేదు. జనం ఒక్క కుర్చీ విరగ్గొట్టినట్టు కూడా నేను వినలేదు. ఇదేం ఆతిథ్యం? రేపు పలుకుబడిగల పెద్దమనిషి ఎవరైనా తలుచుకుంటే మన మినీ స్టేడియానికీ ఆ యోగం పట్టొచ్చు. ఆ రోజు ఏర్పాట్ల కమిటీలో మీ పేరుంటే కంగారుపడకండి. ఇది కత్తిరించి జేబులో పెట్టుకోండి.

నేను ఇరవై ఏళ్లుగా బండలాగుడు పందేలకు కమిటీ బ్యాడ్జీ పెట్టుకుని తిరిగినవాణ్ణి. గిత్తలు మాట వినని రోజులు ఒకటో రెండో. జనం మాట వినని రోజులకు లెక్కలేదు. తాళ్లు తెగాయి, గుంజలు విరిగాయి, ఒక ఏడాది షామియానా మొత్తం కూలింది. నా మీదికి మాత్రం ఒక్క మాట రాలేదు. ఏం జరిగినా అది జనం చేతులారా చేసుకున్నదే అని తేలేలా ముందే సర్దిపెట్టుకోవడమే కిటుకు. అది పట్టుబడితే ఫుట్‌బాలైనా పుష్కరాలైనా ఒకటే.

1. పాత కాయితమే తీయండి

బందోబస్తు స్కీము కొత్తగా రాయొద్దు. పోయిన సంక్రాంతి పందేలకు ఇచ్చింది బీరువాలో ఉంటుంది, జిరాక్స్ తీయించండి. 'ఎడ్ల జతలు' అన్నచోట 'జట్లు' అని, 'బండ' అన్నచోట 'బంతి' అని దిద్దండి. ఎక్కడో తప్పిపోయి మారిషస్ ఆరు పళ్ల విభాగంలో పడినా ఏం కాదు. సంతకం పెట్టేవాడు మొదటి పేజీ, చివరి పేజీ చూస్తాడు.

గ్రౌండులో ఎంతమంది పడతారని ఎవరైనా అడిగితే గాల్లో చేత్తో ఒక సున్నా చుట్టి, "పడతార్లెండి" అనండి. చదరపు మీటరుకు నలుగురు దాటితే కళ్లు తెరవాలట. ఆరేడుగురైతే మనిషి నడక మనిషి చేతిలో ఉండదట, గుంపంతా చెరువులో నీళ్లలా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు ఊగుతుందట. ఇలాంటి లెక్కలు తెలిసినవాళ్లను మీటింగుకు పిలవకండి. వస్తూ వస్తూ టేపు పట్టుకొస్తారు. కొలిచిన అంకె కాయితం మీద పడిందంటే తర్వాత దాన్ని మింగాల్సింది మీరే.

2. టికెట్లు ఒకే రోజు, ఒకే చోట, ఒకే కిటికీలో

ఈ విద్యలో మనకు హైదరాబాదే గురువు. 2022 సెప్టెంబరు 25న ఉప్పల్‌లో ఇండియా, ఆస్ట్రేలియా టీ20. టికెట్లు జింఖానా మైదానంలో 22న ఇస్తామన్నారు. తెల్లవారకముందే వేలమంది వచ్చి నిలబడ్డారు. తోపులాట, లాఠీచార్జి, ఆస్పత్రి, అన్నీ మ్యాచ్‌కు మూడు రోజుల ముందే పూర్తయ్యాయి. ఇంత ముందుచూపు అందరికీ ఉండదు.

మీరు ఇంకో మెట్టు ఎక్కండి. ఎన్ని టికెట్లున్నాయో చెప్పొద్దు. అయిపోయాయని అసలే చెప్పొద్దు. కిటికీ మూసి, లోపల ఫ్యాను తిరుగుతున్నట్టు బయటికి వినపడనివ్వండి. ఆశ ఉన్నంతసేపూ లైను కదలదు.

ఉచితమైతే మరీ మేలు. 2025 జూన్ 4న బెంగళూరులో కప్పు గెలిచిన క్రికెట్ జట్టుకు సన్మానం పెట్టారు. పొద్దున అందరూ రండన్నారు. మధ్యాహ్నం పాసులుంటేనే లోపలికి అన్నారు. ఆ పాసుల సంగతి అప్పటికే దారిలో ఉన్నవాడికి ఎవరు చెప్పాలి? చిన్నస్వామి స్టేడియంలో పట్టేది 35 వేల మంది. వచ్చింది లక్షల్లో. గేట్ల దగ్గర 11 మంది చనిపోయారు, లోపల సన్మానం నడిచింది. రెండు మాటలు చెప్పడంలో ఉన్న సుఖం చూశారా? ఏది జరిగినా రెండోది చెప్పామనొచ్చు.

3. గేటు విషయంలో మాత్రం శ్రద్ధ పెట్టండి

నేను శ్రద్ధ అనే మాట ఈ ఒక్కచోటే వాడతాను.

నాలుగు గేట్లుంటే మూడింటికి తాళం వేయండి. ఆ మూడూ తెరిస్తే టికెట్ చింపేవాళ్లు ముగ్గురు కావాలి, ముగ్గురికీ భోజనాలు. తాళంచెవులన్నీ ఒకే గుత్తిలో ఉండాలి. ఆ గుత్తి పట్టుకున్న మనిషి సరిగ్గా మ్యాచ్ అయిపోయే వేళకు అద్దంకి బస్టాండు దగ్గర టీ తాగుతుండాలి. ఫోను చార్జింగుకు పెట్టి వెళ్లాలి.

తలుపులు లోపలికి తెరుచుకునేవి చూసి పెట్టించండి. బయటికి తెరుచుకునేవైతే గుంపు నెట్టగానే దారి ఇచ్చేస్తాయి. గేటు బయటే మిరపకాయ బజ్జీల బండి, ముంతమసాలా బండి, టోపీలమ్మేవాణ్ణి నిలబెట్టండి. వాళ్ల దగ్గర రోజు కిరాయి వసూలు చేయొచ్చు, గేటు వెడల్పూ సగమవుతుంది. ఒక దెబ్బకు రెండు పిట్టలు.

గేటు తీయాల్సి వస్తే ఎందుకు తీస్తున్నారో మైకులో చెప్పకండి. 2025 జనవరి 8 రాత్రి తిరుపతి బైరాగిపట్టెడలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం జనాన్ని పార్కులో కూర్చోబెట్టారు. ఒంట్లో బాగోలేని ఒకావిడను బయటికి తీసుకురావడానికి గేటు తెరిచారు. లోపలున్నవాళ్లు టోకెన్లు ఇస్తున్నారనుకున్నారు. ఆ రాత్రి ఆరుగురు పోయారు. "ఎవరికో బాగోలేదు, టోకెన్లు ఇంకా మొదలవలేదు" అని ఒక్క ముక్క చెప్పడానికి పట్టేది ఐదు సెకన్లు. ఆ ఐదు సెకన్లు మనం ఆదా చేసుకోవాలి. మైకు ఉన్నది పాటలకూ, దాతల పేర్లు చదవడానికీ.

4. ముందు వరసంతా మనవాళ్లే

దీనికి 2025 డిసెంబరు 13 కోల్‌కతా చాలు. మెస్సీ వస్తున్నాడని వేలకు వేలు పెట్టి టికెట్ కొన్నవాళ్లతో సాల్ట్ లేక్ స్టేడియం నిండింది. ఆయన మైదానంలోకి దిగీ దిగగానే నాయకులు, వాళ్ల బంధువులు, సెల్ఫీలవాళ్లు చుట్టూ గోడ కట్టారు. గ్యాలరీలో వాళ్లకు మెస్సీ జుట్టు కూడా కనపడలేదు. ఇరవై నిమిషాలకే ఆయన వెళ్లిపోయాడు. ఇంక సీసాలు ఎగిరాయి, కుర్చీలు ఎగిరాయి, జనం మైదానంలోకి దిగారు. అదే రోజు సాయంత్రం ఉప్పల్‌లో అదే మనిషి బంతి ఆడి, చుట్టూ తిరిగి, చెయ్యి ఊపి పోయాడు. టికెట్ కొన్నవాడికి మనిషి కనపడితే చాలు, కుర్చీ జోలికి పోడు. మనం నేర్చుకోవాల్సింది కోల్‌కతా దగ్గర. ఉప్పల్ దగ్గర నేర్చుకుంటే పని పెరుగుతుంది.

కాబట్టి పాసులు పంచండి. కార్పొరేటరుకు యాభై, ఆయన బావమరిదికి ముప్పై, స్వీట్లు పంపిన దాతకు ఇరవై. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబుళ్లలో సగాన్ని వీఐపీ కార్ల పార్కింగుకు పంపండి. అంబులెన్సును ఆ కార్ల వెనకే పెట్టించండి, నీడగా ఉంటుంది. డ్రైవరు నిద్రపోతాడు. ముందున్న కారు తీయించాలంటే ముందున్న మనిషిని లేపాలి. అది ఎవరి తరమూ కాదు.

5. నీళ్లు: పెట్టొద్దు. తాగినవాడు బాత్రూమ్ అడుగుతాడు.

6. వాలంటీర్లు: టీషర్టు ఇవ్వండి, పని చెప్పకండి.

7. మాట్లాడే పోలీసు కన్నా పొగ నయం

పోర్చుగల్‌లో ఒక చెడ్డ అలవాటు మొదలైంది. 2004 యూరో కప్‌కు ఇంగ్లండ్ అభిమానులు వేలకొద్దీ దిగుతుంటే, అక్కడి పోలీసులు హెల్మెట్లూ డాళ్లూ కనపడకుండా దాచి, మామూలు యూనిఫాంలో ఇద్దరిద్దరుగా జనంలో తిరిగారు. పలకరించారు, దారి చెప్పారు, ఫొటోలు దిగారు. గొడవ చేసే ఇద్దర్ని పట్టుకోవడానికి రెండొందల మందిని బాదలేదు. వాళ్ల చేతిలో ఉన్న స్టేడియాల దగ్గర కథ చప్పగా ముగిసింది. ఇలాంటివి పరిశోధన చేసి మరీ మెచ్చుకుంటారు. మీరు పడిపోకండి. పలకరించాలంటే ముందు పొద్దున తొమ్మిదికే రావాలి.

మన పద్ధతి వేరు. మధ్యాహ్నం దాకా నీడన కూర్చోండి. ఒకడు కంచె దూకగానే అందరినీ కలిపి కొట్టండి. పేపర్లో దాన్ని 'స్వల్ప లాఠీచార్జి' అంటారు. భారీ లాఠీచార్జి చేసినట్టు ఏ పోలీసైనా ఒప్పుకోవడం నా ఎరుకలో లేదు. లాఠీలో స్వల్పం తప్ప ఇంకో సైజు లేదు.

ఆ తర్వాత బాష్పవాయువు. స్టేడియం లోపల వాడకూడదని ఫిఫా భద్రతా నియమాల్లో ఉంది. అవి చదివేవాళ్ల కోసం రాసినవి. 2022 అక్టోబరు 1న ఇండోనేషియాలోని కంజురుహాన్ స్టేడియంలో సొంత జట్టు ఓడిందని జనం మైదానంలోకి దిగారు. పోలీసులు వాళ్ల మీదే కాక, కుర్చీల్లో కూర్చున్నవాళ్ల మీదికీ గ్యాస్ వదిలారు. కళ్లు కనపడక అందరూ ఇరుకు గేట్ల వైపు పరుగెత్తారు. 135 మంది చనిపోయారు, అందులో పిల్లలు బోలెడుమంది. గొడవ పడతారని ఆ మ్యాచ్‌కు అవతలి జట్టు అభిమానుల్ని రానివ్వనే లేదు. అంటే శత్రువు లేకుండానే యుద్ధం చేశారు. ఎంత దక్షత!

ఇక్కడ ఎవరైనా అడ్డుపడితే, "గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు దించినవాళ్లకు ఇదో లెక్కా? మన జనానికి ఘాటు పొత్తిళ్లలోనే అలవాటు" అనండి. కల్లంలో కాయలు ఏరే ఆడవాళ్లు కొంగు ముక్కుకు కట్టుకునే పనిచేస్తారనీ, దగ్గొస్తే గాలి తగిలే చోటికి లేచిపోతారనీ గుర్తు చేసేవాణ్ణి కమిటీలోంచి తీసేయండి. కల్లానికి నాలుగు వైపులా దారే. మన గ్రౌండుకు మూడో చిట్కా ప్రకారం ఒకటే.

ఇంకో ప్రమాదం మన జిల్లా పేరులోనే ఉంది. 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకీ గురిపెట్టిన సిపాయి ఎదుట రొమ్ము విప్పి నిలబడ్డ టంగుటూరి ప్రకాశం పంతులు కథ ఇక్కడ ప్రతి పిల్లవాడికీ తెలుసు. మ్యాచ్ రోజున ఆ కథ ఎవరికీ గుర్తు రాకుండా డీజే పెట్టండి.

పోలీసులకు ఫుట్‌బాల్ ఏం తెలుసు అనేవాళ్లుంటారు. వాళ్లకు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు పేరు చెప్పకండి. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టది. ఆ రోజుల్లో మన పోలీసులు బంతిని తన్నేవారు. వాళ్లను తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం 1962లో జకార్తా ఆసియా క్రీడలకు ఇండియా జట్టును తీసుకెళ్లాడు. ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానివ్వలేదని మన క్రీడాధికారి ఒకాయన ఆతిథ్య దేశాన్ని తప్పుపట్టాడు, దాంతో ఊరు ఊరంతా మనవాళ్ల మీద మండిపడింది. ఫైనల్లో స్టేడియం మొత్తం ఒక్క గొంతై గేలి చేసింది. మనవాళ్లు దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం పట్టుకొచ్చారు. గోల్‌లో నిలబడ్డ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టినవాడే, ముందు పరుగెత్తిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్‌వాడు. ఇందులో నీతి ఏమిటంటే, అతిథి జట్టును తిట్టించడం ఒక్కటే చాలదు. బస్సు దారి కూడా తప్పించాలి.

8. జరిగాక నిషేధించండి

కందుకూరు మనకు కూతవేటు. 2022 డిసెంబరు 28 రాత్రి అక్కడ ఓ రాజకీయ రోడ్‌షోలో ఇరుకు దారిలో జనం కిక్కిరిసి, కొందరు మురుగు కాలవలో పడి, ఎనిమిది మంది పోయారు. నాలుగు రోజులు తిరక్కుండానే కొత్త సంవత్సరం నాడు గుంటూరులో కానుకల పంపిణీలో ముగ్గురు. మర్నాడు, అంటే 2023 జనవరి 2న, రోడ్ల మీద సభలు వద్దంటూ జీవో నంబరు 1 వచ్చింది. ఆధారం 1861 నాటి పోలీసు చట్టం. సిపాయిల తిరుగుబాటు చల్లారాక తెల్లవాడు రాసుకున్నది. మే నెలలో హైకోర్టు ఆ జీవో కొట్టేసింది.

మీకు పనికొచ్చే పాయింటు ఏమిటంటే, కాలవ మీద మూత వేయించడానికి ఇంజనీరు కావాలి, ఎస్టిమేటు కావాలి, టెండరు కావాలి. నిషేధానికి ఒక టైపిస్టు చాలు. మ్యాచ్‌లో ఏదైనా అయితే మర్నాడే జిల్లాలో బంతి అనేది కనపడకూడదని ఒక ఉత్తర్వు రాయించి పెట్టుకోండి. పీవీఆర్ స్కూలు గ్రౌండులో ఆడుకునే పిల్లల దగ్గర నాలుగు బంతులు స్వాధీనం చేసుకుంటే చర్య తీసుకున్నట్టే.

9. మాట ఎంచుకోవడంలోనే ఉంది మొత్తం

తెలుగుభాష మనకు పెట్టిన భిక్ష ఒకటుంది. 'తొక్కిసలాట'. ఎంత అందమైన మాట! ఎవరు తొక్కారు? జనం. ఎవర్ని? జనాన్ని. మధ్యలో మన ఊసే లేదు, పైగా చివర 'ఆట' కూడా ఉంది. డాక్టర్లు చెప్పేది వేరు. ఇలాంటి చోట్ల పోయినవాళ్లలో చాలామంది కాళ్ల కింద పడి పోలేదు. నిలబడినచోటే ఛాతీ ఎగరడానికి చోటు లేక, ఊపిరాడక పోయారు. వెనకనున్నవాడికి ముందేం జరుగుతోందో తెలియదు, వాడు తొయ్యడమూ లేదు, వాణ్ణి ఇంకొకడు ఒత్తుతున్నాడు. ఈ సంగతి బయటికొస్తే, ఒత్తిడి ఎక్కడ మొదలైంది, అంతమందిని అంత చోట్లోకి పంపింది ఎవరు అని అడుగుతారు. అందుకే 'తొక్కిసలాట' అనే అనండి. ఇంకా జోరు కావాలంటే 'ఒక్కసారిగా ఎగబడటంతో' అని ముందు చేర్చండి.

ఈ విద్యకు పీఠం ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియం. 1989 ఏప్రిల్ 15. బయట జనం ఎక్కువయ్యారని పోలీసు అధికారి పెద్ద గేటు తీయమన్నాడు. లోపలికొచ్చినవాళ్లు అప్పటికే నిండిపోయిన కంచెల మధ్యకు నేరుగా నడిచారు, ఎందుకంటే ఆ కంచెల్లోకి పోయే సొరంగం దారి మూయాలని ఎవరికీ తోచలేదు. 97 మంది. జనమే గేటు విరగ్గొట్టారని ఆ అధికారి ఆ మధ్యాహ్నమే చెప్పాడు. తాగుబోతులన్నారు, దొంగలన్నారు. కిందివాళ్లు రాసిన వాంగ్మూలాల్లో 164 దిద్దించారు. వాటిలో 116 వాంగ్మూలాల్లో పోలీసుల మీద ఉన్న మాటలు తీసేయడమో మార్చడమో చేశారు. ఆ సంగతి పూర్తిగా 2012లో గానీ బయటపడలేదు. ఎక్కడైనా ఉద్యోగి రిటైరవడానికి ఇరవై మూడేళ్లు చాలు. లెక్క వేసుకోండి.

మనవాళ్లూ తక్కువ తినలేదు. 2015 జులై 14న గోదావరి పుష్కరాల మొదటిరోజు రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర 27 మంది పోయారు. విచారణ కమిషన్ వేశారు. జనానికి ముహూర్తం పిచ్చి, దాన్ని ఎగదోసింది మీడియా అన్న ధోరణిలో నివేదిక తేలింది. మ్యాచ్‌కు ముహూర్తం ఉండదని దిగులుపడకండి. కిక్ ఆఫ్ టైము ఉంటుంది. జనమంతా ఆ టైముకే రావాలనుకోవడం వాళ్ల మూఢనమ్మకం.

10. ప్రెస్ నోట్ ముందురోజే కొట్టించండి

మ్యాచ్ రోజు డీటీపీ షాపులో రద్దీగా ఉంటుంది, కరెంటు కూడా నమ్మకం లేదు. ముందు సాయంత్రమే వెళ్లండి. నమూనా ఇదిగో:

"కనీవినీ ఎరుగని రీతిలో ఏర్పాట్లు చేసినప్పటికీ, అంచనాలకు మించి అభిమానులు ఒక్కసారిగా ఎగబడటంతో స్వల్ప తొక్కిసలాట చోటుచేసుకుంది. ........ మంది. పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది. వదంతులు నమ్మవద్దు."

అంచనా ఎంత అని విలేకరి అడగొచ్చు. మొదటి చిట్కా గుర్తుందిగా, సున్నా చుట్టండి.

డీటీపీ కుర్రాడు ఆ చుక్కల దగ్గర చోటు తగ్గించి ఒక్క లైనులో ఇరికించాలని చూస్తాడు. ఒప్పుకోకండి. 1964 మే 24న లిమాలో పెరూ, అర్జెంటీనా ఒలింపిక్ అర్హత మ్యాచ్ ఆడాయి. చివర్లో పెరూ కొట్టిన గోలు రిఫరీ చెల్లదన్నాడు. ఇద్దరు మైదానంలోకి దూకారు, పోలీసులు గ్యాలరీల్లోకి గ్యాస్ వదిలారు, జనం మెట్ల మీదుగా కిందికి పరుగెత్తారు. మెట్ల చివర ఇనుప షట్టర్లు దించి ఉన్నాయి. చోటు మూడంకెలకు సరిపడా వదిలించండి. అక్కడ 328 పట్టింది.